ముందుపళ్ళకు కాంపోజిట్: గంటలో అయ్యే పని, ఏళ్ళ తరబడి సంరక్షణ

సైకిల్ మీద నుంచి పడి ముందుపన్ను అంచు విరగ్గొట్టుకున్న పదో తరగతి పిల్లాడు, పళ్ళ మధ్య సందు మూయించుకోవాలనుకుంటున్న పెళ్ళికూతురు, చిన్నప్పుడు తాగిన నీటి మచ్చలను పంటిమీద మోస్తున్న నల్లగొండ ఇంజనీరు. ఈ ముగ్గురూ ఇవాళ దంతవైద్యుడి దగ్గర వినే మాట ఒకటే: కాంపోజిట్ బాండింగ్. పంటి రంగులో ఉండే మెత్తని ముద్దను పన్నుకు అతికిస్తారు. కావలసిన ఆకారం దిద్ది, నీలం వెలుతురుతో గట్టిపరిచి, మెరుగు పెడతారు. చాలాసార్లు మత్తు సూది కూడా అవసరం ఉండదు. పన్నును అరగదీసేది కొంచెమే, కొందరికి అదీ ఉండదు. వెళ్ళినరోజే పని ముగుస్తుంది.

ఇంత తేలిగ్గా అయిపోవడం వల్లే దాని గురించి సగం సంగతే ప్రచారంలోకి వచ్చింది. ఫోన్‌లో కనిపించే వీడియోల్లో చికిత్సకు ముందు పళ్ళు, తర్వాత పళ్ళు పక్కపక్కన మెరుస్తాయి. అయిదో ఏట అదే పన్ను ఎలా ఉందో చూపించే వీడియో అరుదు. సంరక్షణ సలహాలు దొరికినా, వాటిలో ఎక్కువ భాగం రెడ్ వైన్ తాగే ఇళ్ళ కోసం రాసినవి. రోజూ పసుపు వేసిన పప్పు, చింతపండు పులుసు, సాయంత్రం చెగోడీలు తినే నోటికి వేరే జాగ్రత్తలు కావాలి. బాండింగ్ మంచి చికిత్స. కానీ దాని మంచితనం ఆ గంట పనిలో ఎంత ఉందో, ఆ తర్వాతి ఏళ్ళలో నోటిని చూసుకునే తీరులోనూ అంతే ఉంది.

పంటికి ఏదైనా అతకడమన్నది డెబ్భై ఏళ్ళ కిందటి దాకా తీరని చిక్కు. నోరు ఎప్పుడూ తడి. పంటి పైపొర ఎనామిల్ నున్నగా, గట్టిగా ఉంటుంది. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందుకే పాత పద్ధతిలో పన్నును లోపలికి వెడల్పుగా తొలిచి, సిమెంటో వెండి మిశ్రమమో ఆ గుంతలో ఇరుక్కునేట్టు నింపేవారు. నింపినది ఊడకుండా ఉండడానికి ఆరోగ్యంగా ఉన్న పన్నును కూడా తొలవాల్సి వచ్చేది. 1955లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో మైఖేల్ బ్యూనోకోర్ అనే పరిశోధకుడు ఈ చిక్కు విప్పాడు. లోహాలకు రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని ఆయనకు తెలుసు. అదే ఆమ్లాన్ని ఎనామిల్ మీద కొన్ని క్షణాలు ఉంచి కడిగితే, దాని మీద పెట్టిన అక్రిలిక్ చాలా గట్టిగా అంటుకుంది. ఆయన వాడింది 85 శాతం ఆమ్లం. ఇప్పుడు ఎక్కువగా 37 శాతం దరిదాపుల్లోనే వాడుతున్నారు.

ఆమ్లం తగిలిన ఎనామిల్ ఉపరితలాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టు గుర్తొస్తుంది. ఆ గదుల్లోకి పలచని రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పారి, గట్టిపడి, వేళ్ళు దిగినట్టు పట్టుకుంటుంది. ఇక్కడ పట్టు కుదిరాక అతికించే పదార్థం మెరుగుపడాలి. ఆ పని రఫేల్ బోవెన్ చేశాడు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తూ ఆయన తయారుచేసిన బిస్-జీఎంఏ అనే రెజిన్‌కు 1962లో పేటెంట్ వచ్చింది. దానికి సన్నని గాజు, సిలికా రేణువులు కలిపితే వచ్చేదే కాంపోజిట్. తొలినాటి రకాల్లో రేణువులు పెద్దవి కావడంతో మెరుగు నిలిచేది కాదు, త్వరగా గరుకెక్కేది. ఆ తర్వాతి దశాబ్దాల్లో రేణువు సన్నబడుతూ వచ్చింది. ఇప్పటి నానో రకాలు ఎనామిల్‌కు దగ్గరగా మెరుస్తాయి. ఎనామిల్ కింది పొర డెంటిన్ తడిగా, సగం సజీవంగా ఉంటుంది కాబట్టి దానికి అతకడం ఇంకా కష్టం. అక్కడ రెజిన్, పంటి పీచు కలిసి ఏర్పడే పొర స్వభావాన్ని 1982లో జపాన్ శాస్త్రవేత్త నాకబయాషి వివరించాడు. ఇవాళ్టికీ ఎనామిల్ మీది అతుకే ఎక్కువ నమ్మకమైనది. బాండింగ్ చేయించుకునేవారు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదే: పంటి అంచుల చుట్టూ ఎనామిల్ ఎంత మిగిలి ఉంటే పని అంత గట్టిగా నిలుస్తుంది.

కుర్చీలో జరిగేదంతా తడికి, గాలికి, వెలుతురుకు సంబంధించిన క్రమశిక్షణ. మొదట పళ్ళ గార, పాచి తీస్తారు. రంగు చూసేది పన్ను తడిగా ఉన్నప్పుడే. ఎందుకంటే కాసేపు నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరి, ఉన్నదానికంటే తెల్లగా కనబడుతుంది. అప్పుడు రంగు ఎంచితే మర్నాటికి తేడా వస్తుంది. తర్వాత రబ్బర్ డ్యామ్ అనే పలచని రబ్బరు తెరతో ఆ పళ్ళను మిగతా నోటి నుంచి వేరు చేయడం మేలైన పద్ధతి. ఆమ్లం పూసిన ఎనామిల్‌కు లాలాజలమో, చిగురు నుంచి రక్తపు చుక్కో తగిలితే అతుకు చెడుతుంది. చిగుళ్ళు వాచి, ముట్టుకుంటే రక్తం కారే నోట్లో బాండింగ్ మొదలుపెట్టకూడదనడానికి కారణం అదే. ముందు చిగుళ్ళు బాగుపడాలి, తర్వాతే అందం.

ఆమ్లం పెట్టి, కడిగి, ఆరబెట్టి, బాండింగ్ ద్రవం రుద్ది, వెలుతురు చూపిస్తారు. ఆపైన కాంపోజిట్‌ను సుమారు రెండు మిల్లీమీటర్ల మందంలో పొరలు పొరలుగా పేరుస్తారు. ఒక్కో పొరనూ దాదాపు 470 నానోమీటర్ల నీలం వెలుతురుతో గట్టిపరుస్తారు. గట్టిపడేటప్పుడు పదార్థం రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. ఒకేసారి ముద్దగా పెడితే ఆ లాగుడుకు అంచు విడిపోవచ్చు, లోపలి భాగం సరిగా గట్టిపడకపోవచ్చు. చివర మెరుగు పెట్టడానికి రకరకాల బిళ్ళలు, రబ్బరు కప్పులు వాడతారు. తొందరపడే క్లినిక్‌లో మొదట కోత పడేది ఈ దశకే. ఎక్కువ నష్టమూ ఆ కోతవల్లే, ఎందుకంటే గరుకుగా మిగిలిన ఉపరితలం రంగునూ పాచినీ రెండింటినీ పట్టుకుంటుంది.

మన ఇళ్ళలోని ఒక అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. పన్ను నొప్పికి లవంగనూనె దూది పెట్టుకోవడం తెలుగువారికి పాత వైద్యం. లవంగనూనెలోని యూజినాల్ రెజిన్ గట్టిపడే రసాయన చర్యకు అడ్డుపడుతుంది. కొన్ని తాత్కాలిక సిమెంట్లలోనూ అదే ఉంటుంది. ముందురోజుల్లో వాడి ఉంటే కుర్చీలో కూర్చోగానే వైద్యుడికి చెప్పడం మంచిది. పళ్ళు తెల్లబరచుకునే ఆలోచన ఉన్నవారికీ క్రమం ముఖ్యం. ముందు బ్లీచింగ్, తర్వాత రెండు వారాల విరామం, ఆపైన బాండింగ్. బ్లీచ్ చేసిన పంటిలో మిగిలే ఆక్సిజన్ అతుకును బలహీనపరుస్తుంది. పైగా కాంపోజిట్ బ్లీచింగ్‌కు లొంగదు. పని అయ్యాక చుట్టుపక్కల పళ్ళను తెల్లబరిస్తే అతికించిన భాగమొక్కటే పాత రంగులో మిగిలిపోతుంది.

ఇది ఎవరికి తగినది? విరిగిన అంచులకు, చిన్న సందులకు, మొగ్గలాగా సన్నగా మిగిలిపోయిన పక్కపళ్ళకు, కాస్త అరిగిన అంచులకు ఇది మొదట ఆలోచించదగిన పని. పిల్లలు ఆటల్లో పన్ను విరగ్గొట్టుకుంటే ఆ ముక్క కోసం వెతకడం తప్పనిసరి. దాన్ని పాలలోనో నీళ్ళలోనో వేసి వెంటనే తీసుకెళితే, చాలా సందర్భాల్లో అదే ముక్కను అతికించవచ్చు. సొంత ఎనామిల్ రంగుకు, మెరుపుకు సాటివచ్చే పదార్థం ఇంకా రాలేదు. వంకర బాగా ఉన్న పళ్ళను కాంపోజిట్‌తో కప్పి వరసగా కనిపించేట్టు చేయడం మాత్రం మంచి సలహా కాదు. పళ్ళు లావెక్కుతాయి, చిగురు దగ్గర శుభ్రం చేయడం కష్టమవుతుంది. అలాంటివారికి ముందు క్లిప్పులతోనో అలైనర్లనే పారదర్శక తొడుగులతోనో వరస సరిచేసి, తర్వాత తెల్లబరచి, చివర అంచులకు మాత్రమే కొంచెం కాంపోజిట్ పెట్టే పద్ధతి బ్రిటన్‌లో బాగా వ్యాపించింది. ఓపిక కావాలి, డబ్బూ కావాలి. కానీ పన్ను మిగులుతుంది.

పన్ను మిగలడమన్న మాటకు అంకెల్లో అర్థం చెప్పిన అధ్యయనం ఒకటుంది. ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ 2002లో ప్రచురించిన కొలతల ప్రకారం, పింగాణీ వెనీర్ (పంటి ముందువైపు అతికించే పలచని పెంకు) కోసం పంటి కిరీట భాగంలో 3 నుంచి 30 శాతం తీసేయాల్సి వస్తుంది. పూర్తి క్యాప్‌కైతే 63 నుంచి 72 శాతం. ఎనామిల్ తిరిగి పెరగదు. ఇరవై ఏళ్ళ వయసులో నవ్వు కోసం ఆరు పళ్ళకు క్యాపులు వేయించుకున్న మనిషి, ఆ క్యాపులను జీవితంలో ఎన్నోసార్లు మార్పించుకోవాలి. ప్రతిసారీ లోపల మిగిలేది తగ్గుతూ పోతుంది. బ్రిటిష్ దంతవైద్యులు బర్క్, కెల్లహర్ 2009లో రాసిన ఒక వ్యాసంలో తోటి వైద్యుల ముందు ఒక పరీక్ష పెట్టారు: ఇదే పన్ను మీ కూతురిదైతే ఈ పని చేస్తారా? హైదరాబాద్‌లో, విజయవాడలో స్మైల్ డిజైనింగ్ బోర్డులు వెలుస్తున్న ఈ రోజుల్లో, ఆ ప్రశ్నను రోగే పైకి అడగడం అవసరం. పింగాణీకి తన బలాలు ఉన్నాయి. రంగు మారదు, మెరుగు ఎక్కువ ఏళ్ళు నిలుస్తుంది, పెద్ద భాగం కోల్పోయిన పంటికి అదే గతి. ఆరోగ్యంగా ఉన్న పంటి మీద మొదటి అడుగుగా మాత్రం కాంపోజిట్టే న్యాయం.

తెలుగు నేలకు ఈ చికిత్సతో ప్రత్యేకమైన సంబంధం ఒకటుంది. అది నీటిది. ఫ్లోరైడ్ ఎక్కువైన నీటివల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి మద్రాసు ప్రెసిడెన్సీలో 1937లో వెలువడిన తొలి వైద్య నివేదిక నాటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుకు పర్యాయపదమైంది. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం. శాశ్వత ముందుపళ్ళ ఎనామిల్ తయారయ్యేది పుట్టిన కొద్ది నెలల నుంచి నాలుగైదేళ్ళ వయసు దాకా. ఆ ఏళ్ళలో తాగిన నీరే పాతికేళ్ళ వయసులో ఇంటర్వ్యూ బల్ల ముందు నవ్వడానికి జంకేట్టు చేస్తుంది. నీళ్ళు మారినా పళ్ళు మారవు.

ఫ్లోరోసిస్ పళ్ళకు బాండింగ్ అంత సూటి వ్యవహారం కాదు. మచ్చపడ్డ ఎనామిల్ పైపొరలో ఖనిజం అతిగా పేరుకుని ఆమ్లానికి త్వరగా లొంగదు. దాని కింద మాత్రం గుల్లగా ఉంటుంది. అందుకే ఆమ్లాన్ని మామూలుకంటే ఎక్కువసేపు ఉంచడమో, పైపొరను సన్నగా గీకి తీయడమో చేస్తారు. అయితే మచ్చలన్నిటికీ కాంపోజిట్ కప్పక్కర్లేదు. పలచని తెల్ల మచ్చలకు ముందు బ్లీచింగో, ఆమ్లం కలిసిన గరుకు లేపనంతో పైపైన రుద్దే మైక్రోఅబ్రేషనో చాలు. 2009 నుంచి అందుబాటులో ఉన్న రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ పద్ధతిలో గుల్ల ఎనామిల్‌లోకి పలచని రెజిన్‌ను ఇంకిస్తారు. లోతైన గోధుమరంగు మచ్చలు, గుంటలు పడిన పళ్ళకు మాత్రమే చివరగా కాంపోజిట్. ఈ మెట్లన్నీ వివరించకుండా నేరుగా ఎనిమిది పళ్ళకు వెనీర్ల ఖర్చు చెప్పే చోట ఒక నిమిషం ఆగి, మరో వైద్యుడి మాట కూడా వినడం రోగి హక్కు. ఫ్లోరోసిస్ పీడిత మండలాల యువతకు ఈ చికిత్సను ప్రభుత్వ దంత వైద్యశాలల్లో ఒక క్రమంగా అందించాలన్న డిమాండ్ ఎప్పుడో బలంగా రావలసింది. తమ తప్పు లేకుండా వచ్చిన మచ్చను తుడిపించుకోవడం విలాసం కాదు.

ఎన్నాళ్ళుంటుంది? ఇది అందరూ అడిగే ప్రశ్న. ముందుపళ్ళ కాంపోజిట్ పనుల మీద వచ్చిన దీర్ఘకాల అధ్యయనాలను 2015లో ఒకచోట సమీక్షించినప్పుడు, ఏటా విఫలమయ్యేవి సున్నా నుంచి 4.1 శాతం దాకా ఉన్నాయని తేలింది. ముందుపళ్ళలో ఎక్కువగా కనిపించే వైఫల్యం విరగడం, తర్వాత రంగు, ఆకారం నచ్చకపోవడం. దవడ పళ్ళలోనైతే విరగడంతోపాటు అంచు కింద కొత్త పుచ్చు పెద్ద కారణం. మామూలుగా వైద్యులు చెప్పే ఆయుష్షు అయిదు నుంచి ఏడేళ్ళు. కొందరికి మూడేళ్ళకే పెచ్చు లేస్తుంది, కొందరికి పదేళ్ళు దాటుతుంది. తేడా చాలామటుకు కొరుకుడు తీరులో, మెరుగులో, వంటింట్లో ఉంటుంది.

వంటింటి దగ్గరికే వద్దాం. వెలుతురు చూపగానే కాంపోజిట్ గట్టిపడినా, లోపలి రసాయన చర్య మరో రోజు దాకా నెమ్మదిగా సాగుతుంది. అందుకే మొదటి 48 గంటలు రంగు పదార్థాలకు దూరంగా ఉండమంటారు. తెలుగు భోజనంలో దీని అర్థం పెరుగన్నం, ఇడ్లీ, పసుపు వేయని ఉప్మా, కొబ్బరి పచ్చడి, పాలు. ప్రయోగశాలల్లో కాంపోజిట్ బిళ్ళలను రకరకాల ద్రవాల్లో నానబెట్టి చూసిన పరీక్షల్లో కాఫీ, టీలతోపాటు పసుపు గట్టి మరక వేసే పదార్థంగా తేలింది. అందుకని పసుపు మానేయాలని ఎవరూ అనరు, అననక్కర్లేదు. తిన్నాక నీళ్ళతో బాగా పుక్కిలించడం మన పాత అలవాటే. దాన్ని ఇరానీ చాయ్ తర్వాత, ఫిల్టర్ కాఫీ తర్వాత కూడా పాటిస్తే చాలావరకు సరిపోతుంది. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా చప్పరించే టీ కంటే, రెండుసార్లు తాగి పుక్కిలించే టీ పంటికి మేలు. పొగ, గుట్కా, జర్దా కిళ్ళీ మానని నోట్లో తెల్లటి కాంపోజిట్ పెట్టించుకోవడం మాత్రం డబ్బు దండగ.

గట్టివాటి జాబితా మన పిండివంటల పేర్లతోనే మొదలవుతుంది. చెగోడీలు, గట్టి జంతికలు, వేరుశనగ ఉండలు ముందుపళ్ళతో కొరక్కుండా చేత్తో విరిచి దవడ పళ్ళతో నమలాలి. జామకాయను ముక్కలు చేసుకోవాలి. చెరుకు గడను ముందుపళ్ళతో చీల్చడం, మామిడి టెంక చీకడం, మటన్ మూలగ బొక్కను పంటితో పట్టి లాగడం అతికించిన అంచును విరిచే పనులు. ఇక తిండితో సంబంధం లేని అలవాట్లున్నాయి. పూలు కడుతూ దారం పంటితో తెంపడం, దర్జీలు దారం కొరకడం, పిన్నీసు పంటితో తెరవడం, పాల ప్యాకెట్ కొస చింపడం, గోళ్ళు కొరకడం. వీటిలో ఏ ఒక్కటీ మానలేకపోతే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆకారం, మందం దాన్నిబట్టి మార్చవచ్చు. నిద్రలో పళ్ళు నూరేవారికి నైట్‌గార్డ్ అనే ప్లాస్టిక్ తొడుగు అదనపు ఖర్చు కాదు, చికిత్సలో భాగమే.

తోమడంలో మనవాళ్ళు బలప్రయోగం ఎక్కువ చేస్తారు. బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి, గరుకు ఎర్ర పళ్ళపొడి మెరుగును గీకేస్తాయి. మెరుగు పోతే మరకలు వేగంగా పడతాయి, మరకలు పడ్డకొద్దీ మనిషి ఇంకా గట్టిగా తోముతాడు. తెల్లబరుస్తామని చెప్పే పేస్టుల్లో చాలావాటికీ గరుకుతనమే ఆధారం. మెత్తని బ్రష్, మామూలు ఫ్లోరైడ్ పేస్టు, రోజూ పడుకోబోయే ముందు పళ్ళ సందుల్లో ఫ్లాస్ చాలు. ఫ్లాస్ ప్రతిసారీ ఒకేచోట చిక్కుకుని పోగులు పోగులుగా చిరుగుతుంటే అక్కడ కాంపోజిట్ అంచు చిగురు మీదికి పొడుచుకుని ఉందని అనుమానించాలి. దాన్ని అయిదు నిమిషాల్లో సరిచేయవచ్చు. వదిలేస్తే చిగురు వాపు, రక్తం, లోపల పుచ్చు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడితే గోధుమరంగు మరక పడుతుంది, ఆల్కహాల్ ఉన్నవి రెజిన్‌ను మెత్తబరుస్తాయి.

పళ్ళ క్లీనింగ్‌కు వేరే క్లినిక్‌కు వెళ్ళినప్పుడు, ఏయే పళ్ళకు కాంపోజిట్ ఉందో ముందే చెప్పాలి. బాగా చేసిన పనిని కంటితో పోల్చుకోవడం వైద్యుడికీ కష్టమే. గార తీసే అల్ట్రాసోనిక్ మొన అంచును పెచ్చులేపగలదు. సోడా పొడిని చిమ్మే యంత్రం మెరుగును తీసేస్తుంది. ఆమ్ల గుణమున్న ఫ్లోరైడ్ జెల్ కాంపోజిట్‌లోని గాజు రేణువులను తినేస్తుంది, దాని బదులు తటస్థ ఫ్లోరైడ్ అడగవచ్చు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి మెరుగు పెట్టించుకుంటే పైపై మరకలు పోయి పన్ను మళ్ళీ కళగా ఉంటుంది. అంచు వెంట సన్నని గోధుమ గీత కనిపించినంత మాత్రాన లోపల పుచ్చిందని అర్థం కాదు. చాలాసార్లు అది మెరుగుతోనే పోతుంది. ఆ గీత చూపించి మొత్తం పీకి కొత్తది పెట్టాలనే సలహాను తొందరపడి ఒప్పుకోకూడదు.

ఎందుకంటే పింగాణీతో పోలిస్తే కాంపోజిట్‌కున్న గొప్ప సుగుణం మరమ్మతు. పెచ్చు లేచిన చోట పాత పదార్థాన్ని సన్నని ఇసుక రేణువులతో గరుకు చేసి, అతుకు పెంచే సిలేన్ ద్రవం, బాండింగ్ ద్రవం పూసి, కొత్త కాంపోజిట్ అతికించవచ్చు. మొత్తం తీసేయాల్సి వస్తేనే ప్రమాదం. పన్నుకూ పూతకూ సరిహద్దు కనిపించక, బర్ర్ అనే తొలిచే మొన ఎనామిల్‌ను కూడా కోసేస్తుంది. అతినీలలోహిత కాంతి టార్చ్ వేసి చూస్తే చాలా రకాల కాంపోజిట్ పంటికంటే వేరుగా మెరుస్తుంది. ఆ టార్చ్ వాడే వైద్యుడి దగ్గర పన్ను భద్రం.

వరస సరిచేయించుకుని, అది చెదరకుండా రిటైనర్ అనే తొడుగు వాడుతున్నవారికి మరో మాట. బాండింగ్ తర్వాత పాత రిటైనర్ సరిపోదు. బలవంతంగా తొడిగితే కొత్త అంచే ఊడుతుంది, కాబట్టి కొత్త కొలతతో మళ్ళీ చేయించుకోవాలి.

డాలస్, సిడ్నీ, లండన్‌ల నుంచి సెలవులకు వచ్చే తెలుగువారు, ఎమ్మెస్‌కు విమానం ఎక్కబోయే విద్యార్థులు ఈ పనిని ఇక్కడే చేయించుకుని వెళ్ళడం మామూలైంది. అక్కడి బీమా అందానికి చేసే చికిత్సలను సాధారణంగా ఒప్పుకోదు, ఖర్చూ ఎక్కువ. అలాంటివారు తిరుగు ప్రయాణానికి ముందురోజు అపాయింట్‌మెంట్ పెట్టుకోకూడదు. వచ్చిన మొదటి వారంలోనే చేయించుకుంటే, పై పన్ను కింది పన్నుకు ఎక్కడ ఎక్కువగా తగులుతుందో రెండు వారాల వాడకంలో తెలుస్తుంది. ఆ ఎత్తు తగ్గించి, చివరి మెరుగు పెట్టించుకుని వెళ్ళవచ్చు. బిల్లుతోపాటు మూడు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి: వాడిన కాంపోజిట్ కంపెనీ పేరు, ఏ2, బీ1 వంటి షేడ్ (రంగు) సంఖ్య, ఏయే పంటికి ఎంత మేర పెట్టారో. పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు కూడా అడిగి తీసుకోవాలి. నాలుగేళ్ళ తర్వాత డాలస్‌లో ఒక అంచు పెచ్చు లేస్తే, అక్కడి వైద్యుడు ఆ కాగితం చూసి అదే రంగుతో ఆ కాస్త చోటే పూడ్చగలడు. కాగితం లేకపోతే అంచనాతో రంగు కలపడమో, ఉన్నదంతా తీసి మళ్ళీ మొదలుపెట్టడమో తప్ప ఆయనకు వేరే దారి ఉండదు.